ఇనుప తడిక

ఆ ఆదివారం పొద్దున ఇంట్లో ఆరుగురున్నారు. మామయ్య, అత్తయ్య, వాళ్ళ ఒక్కగానొక్క కూతురు బంగారం, వెనక గదిలో మంచం మీద అమ్మమ్మ, ముందు గదిలో ఫ్యాను కింద కుర్చీలో మేడం, వంటింటి గుమ్మానికి ఆనుకుని మేనకోడలు. మామూలు రోజుల్లో ఇంట్లో ఎంతమంది ఉంటారని ఎవరైనా అడిగితే అత్తయ్య ముగ్గురమనే చెప్పేది. మేనకోడలు వచ్చి పది నెలలైనా ఆమె నోట నలుగురనే మాట రాలేదు. ఆ రోజు మాత్రం ఆ పిల్లను లెక్కలోకి తీసుకోక తప్పలేదు. మేడం జీపు దిగి ఇంటికొచ్చింది ఆ పిల్ల సంగతి తేల్చడానికే.

మామయ్య టౌను హైస్కూల్లో చరిత్ర మాస్టారు. మెత్తటి మనిషని బళ్ళో పేరు. పిల్లల్ని కొట్టడు, తిట్టడు, గొంతు పెంచడు. గొంతు పెంచాల్సిన పనులన్నీ ఇంట్లో అత్తయ్య చూసుకుంటుంది. బంగారం అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. పుట్టినప్పుడు అత్తయ్య పిలిచిన పిలుపే వీధంతా అంటుకుంది. ఏం అడిగినా టకటకా చెప్పేస్తుంది. చెప్పింది తప్పయినా సరే, అది తప్పని అన్నవాళ్ళే తలదించుకునేలా చెబుతుంది.

మేనకోడలిది దీనికి పూర్తిగా ఎదురు తీరు. పేరు పెట్టి పిలిచినా పలకడానికి ముందు ఒక గుటక మింగుతుంది. వచ్చిన మొదటి వారంలోనే అత్తయ్య విసుక్కుని, ఇదేం మూగనోము పట్టిందే అంది. అప్పటినుంచి బంగారానికి ఆ పిల్ల పేరు మూగనోమే. మూగనోమూ నా బూట్లెక్కడ, మూగనోమూ మంచినీళ్ళు, మూగనోమూ పక్కకు జరుగు. ఆ పిల్ల మనసు విప్పేదల్లా ఒక్క దానితోనే. పాత నోటుపుస్తకాల్లో మిగిలిపోయిన తెల్లకాగితాలు చింపి, గోనెపట్టా దారంతో కుట్టుకున్న డైరీ అది. వంటింట్లో డబ్బాల వెనక దాచుకునేది.

ఇక అమ్మమ్మ. ఆమె మామయ్యకు తల్లి, మేనకోడలికి తల్లి తల్లి. కళ్ళకు మసక కమ్ముతోందని, మర్నాడు ఆసుపత్రిలో చూపించుకుందామని ఆ పొద్దునే ఊరి బస్సు దిగింది. కొడుకు ఈ ఇంట్లో చేరాక ఆమె ఇక్కడ కాలు పెట్టడం అదే మొదటిసారి. అప్పటికి బంగారం నిద్ర లేవలేదు, అత్తయ్య స్నానానికి వెళ్ళింది. అమ్మమ్మ చేతికర్రతో గడప తడుముకుంటూ లోపలికొచ్చి కూలబడి, "ఒరేయ్ అబ్బాయ్, ఆ తడిక వెయ్యరా, దుమ్మొస్తోంది" అంది.

మామయ్య నవ్వాడు. "ఇది తడిక కాదమ్మా, తలుపు. టేకుది."

"ఏదైతే ఏంలే. వెయ్యి."

వంటింట్లో మేనకోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకుంది. పది నెలల్లో ఆ మాట వినడం అదే మొదటిసారి. వాళ్ళ ఊళ్ళో ఇళ్ళకు చెక్క తలుపులు తక్కువ. వెదురు బద్దలతో అల్లి, గుంజకు తాడుతో కట్టే తడికలే. మామయ్య పుట్టింది, పాకింది, పలక పట్టుకుని బడికి పోయింది అలాంటి ఒక తడిక లోపలినుంచే.

ఆ ఊరి బడి తొమ్మిదో తరగతితో ఆగిపోతుంది. పదికి టౌను రావాలి, లేదంటే మానేయాలి. మేనకోడలి తల్లి ఇటుకల బట్టీలో పచ్చి ఇటుకలు తిరగేసే పని చేస్తుంది. నిరుడు ఒకరోజు అన్నం క్యారేజీ ఇవ్వడానికి వచ్చిన ఈ పిల్ల చేతులు చూసి బట్టీ మేస్త్రీ, పొడుగు వేళ్ళు, ఇటుక బాగా నిలుస్తుంది అన్నాడు. ఆ మాట తల్లి చెవిన పడింది. మర్నాడే తమ్ముడి దగ్గరికి వచ్చి నిలబడింది. మామయ్య కాదనలేదు, అవుననీ అనలేదు. "ఒక్క ఏడాదే అక్కా" అన్నాడు. ఆ ఏడాదికి ఇంకా రెండు నెలలు మిగిలాయి. తర్వాత బట్టీ. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. పిల్లకు అందరికంటే బాగా తెలుసు.

సరిగ్గా అప్పుడు ఈ పరీక్ష వచ్చింది. విద్యాశాఖవాళ్ళు ఒక్కో హైస్కూలు నుంచి ఒక్కొక్కరిని ఎంచి, హాస్టలున్న పెద్ద కాలేజీలో ఉంచి రెండేళ్ళు చరిత్ర చదివిస్తారట. ఎంచే పద్ధతి మాత్రం కొత్తది. దాన్ని తయారు చేసిన మేడమే బడి బడికీ తిరుగుతోంది. కాగితం మీద పైన పెద్ద అక్షరాలతో 'ఆధునిక ప్రపంచ చరిత్ర: విద్యార్థుల ఆత్మవిశ్వాస మదింపు' అని ఉంటుంది. కింద నలభై ప్రశ్నలు. ఒక్కో ప్రశ్నకు జవాబు రాయడానికి ఒక గీత, గీత పక్కన మూడు సున్నాలు. మొదటి సున్నా ఖాయంగా తెలుసు. రెండోది కొంచెం తెలుసు. మూడోది ఊహించాను. జవాబు రాసి, దాని మీద తమకు ఎంత నమ్మకముందో ఆ సున్నా నింపాలి.

శుక్రవారం పరీక్ష మొదలు పెట్టే ముందు మేడం అందరికీ వివరించింది. జవాబు రైటయి, ఖాయం అని నింపితే నిండు మార్కు. రైటే గాని కొంచెం అంటే సగం. ఊహ అంటే రైటయినా మార్కు లేదు. జవాబు తెలియడం గొప్ప కాదు, తెలుసని తెలియడం గొప్ప అని కూడా అంది. ఆ మాట అందరూ రాసుకున్నారు. తర్వాత ఆమె పక్క గదికి వెళ్ళింది. ఈ గదికి కాపలా మామయ్య.

మేనకోడలు నలభై ప్రశ్నలూ ఒకసారి చదివింది. నలభయ్యీ తెలిసినవే. మొదటి ప్రపంచ యుద్ధానికి నిప్పు ఎక్కడ అంటుకుంది, వెర్సాయ్ సంధి ఏ ఏట జరిగింది, సూయజ్ కాలువ గొడవలో ఎవరెవరు తలదూర్చారు, క్యూబా క్షిపణుల గండం ఎన్ని రోజులు నడిచింది. ఇవన్నీ ఊళ్ళో సోడాబుడ్డి మాస్టారు ఒకే గదిలో నాలుగు తరగతులను కూర్చోబెట్టి, నేల మీద సుద్దతో ప్రపంచ పటం గీసి చెప్పినవి. పిల్లలు దేశాల మీద నడిచి యుద్ధాలు చేసేవాళ్ళు. ఈ పిల్ల ఎప్పుడూ స్విట్జర్లాండ్ మీదే నిలబడేది, అక్కడైతే ఎవరూ తొయ్యరని.

కాని సోడాబుడ్డి మాస్టారి దగ్గర ఇంకొక అలవాటు అంటింది. ఆయన బళ్ళో తెలుసు అనే మాట నిషిద్ధం. తెలుసంటే లేచి నిలబెట్టి ఇంకో ప్రశ్న, దాని మీద ఇంకో ప్రశ్న, చివరికి తెలియదనే దాకా వదిలేవాడు కాదు. "కొంచెం తెలుసు అనండి. అప్పుడు మిగతాది అడగడానికి మొహం ఉంటుంది" అనేవాడు. తొమ్మిదేళ్ళు కొంచెం తెలుసు అన్న నోరు, మూడు గంటల్లో ఖాయం అనలేదు. ఆ పిల్ల ఒక్కో జవాబు రాసి, రెండో సున్నా నింపుకుంటూ పోయింది. పెన్సిలు ఒక్కోసారి మొదటి సున్నా మీదికి వెళ్ళి, కాగితానికి తగలకుండానే వెనక్కి వచ్చేసేది.

ముప్ఫై ఒకటో ప్రశ్న దగ్గర ఆగింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఐరోపాను రెండుగా చీల్చిన కంటికి కనపడని సరిహద్దును ఏమనేవారు? ఆ పాఠం చెప్పిన రోజు మాస్టారు వాళ్ళందరినీ బడి వెనక్కి, వంటపాక దగ్గరికి తీసుకెళ్ళాడు. తెర అంటే మీకు తెలిసింది నాటకం తెర అన్నాడు. అది ఎత్తితే అవతల ఏముందో అందరికీ కనపడుతుంది, ఇది అలాంటిది కాదు అన్నాడు. వంటపాక తడిక మీద చెయ్యి వేసి చూపించాడు. "ఇది లోపలినుంచి కడతారు. బయటున్నవాడు పిలవొచ్చు, సందుల్లోంచి చూడొచ్చు. లోపలివాడు ముడి విప్పితే తప్ప రాలేడు. దీన్నే ఇనుముతో చేసి దేశాల మధ్య పెట్టారనుకోండి." ఆ రోజునుంచి ఆ బళ్ళో చదివినవాళ్ళను ఎవరిని కదిపినా అది ఇనుప తడికే. పుస్తకంలో ఇనుప తెర అని ఉందన్న సంగతి, బళ్ళో ఉన్న ఆ ఒక్క పుస్తకం చూసే మాస్టారికి తప్ప ఎవరికీ గుర్తు లేదు.

పిల్ల 'ఇనుప తడిక' అని రాసింది. దాన్ని చేత్తో ముట్టుకుంది, సందుల్లోంచి చూసింది. ఆ ఒక్కదానికి మాత్రం కొంచెం అనడానికి మనసు రాలేదు. జీవితంలో మొదటిసారి ఖాయంగా తెలుసు అనే సున్నా నల్లగా నింపింది.

వెనక బెంచీలో బంగారం ఉంది. బడికి వచ్చే దారిలోనే చెప్పింది, కాగితం కుడివైపుకి జరుపుకుని రాయి, భుజం అడ్డం పెట్టావంటే ఇంటికెళ్ళాక నీ పని చెబుతా అని. పిల్ల కాగితం కుడివైపుకి జరిపింది. వాళ్ళ కంచంలో తింటూ భుజం ఎలా అడ్డం పెడుతుంది? వెనకనుంచి పెన్ను గీసిన చప్పుడు తన పెన్సిలు చప్పుడు వెనకే వస్తోంది. ఒకసారి కాగితం మీద నీడ పడింది. మామయ్య. నీడ అక్కడే ఆగింది. ముందు బెంచీ మీది కాగితం చూసింది, వెనక బెంచీ మీది కాగితం చూసింది. తర్వాత కిటికీ దగ్గరికి నడిచి వెళ్ళి, గంట కొట్టేదాకా వీపు ఇటు పెట్టి నిలబడింది.

ఆ సాయంత్రం పిల్ల డైరీలో రాసుకుంది: మామయ్య చూశాడు. చూసి కిటికీ దగ్గరికి పోయాడు. కిటికీ అవతల గోడ తప్ప ఏమీ లేదు.

ఆదివారం మేడం రెండు కాగితాలు బల్ల మీద పక్కపక్కన పెట్టింది. సన్నటి మనిషి, కళ్ళజోడు గొలుసుతో మెడలో వేలాడుతోంది, చేతిలో ఎర్ర పెన్ను. అత్తయ్య తెచ్చిన టీ చల్లారుతున్నా ముట్టుకోలేదు. రెండు కాగితాల్లోనూ నలభై జవాబులూ ఒకటే అని, ముప్ఫై తొమ్మిది రైటని, ముప్ఫై ఒకటోది తప్పని, ఆ తప్పు కూడా అక్షరం తేడా లేకుండా ఒకటేనని చెప్పింది. ఇద్దరూ ఒకే ఇంటి పిల్లలు, బళ్ళో పదిమంది ముందు అడగడం ఎందుకని బస ఖాళీ చేసి వెళ్తూ ఇక్కడ ఆగానంది. మధ్యాహ్నంలోగా పేరు రాసి పంపాలట.

మీరు చాలా మంచి పని చేశారండి అన్నాడు మామయ్య.

"కాపీ కొట్టింది ఎవరన్నది నాకు దాదాపు అర్థమైంది" అంది మేడం. "ఈ పద్ధతిలో ఉన్న సుఖమే అది. ఒకమ్మాయి నలభై ఖాయం అని నింపింది. ఇంకో అమ్మాయి ముప్ఫై తొమ్మిది కొంచెం, ఒక్కటి ఖాయం. ఆ ఖాయం అన్నదీ తప్పు. తనది కాని జవాబు మీద ఎవరికైనా నమ్మకం ఎందుకుంటుంది చెప్పండి?"

అత్తయ్య వంటింటి గుమ్మం వైపు చూసింది. ఆ చూపుకు పాలు విరిగిపోతాయి. అయినా గొంతులో తేనె పోసుకుని, చిన్నపిల్ల కదండీ, పల్లెటూరిది, ఆశ పుట్టి ఉంటుంది, మేం ఏమీ అనంలెండి అంది.

"ఒక్క అనుమానం తీర్చుకుని వెళ్తాను" అంది మేడం. కళ్ళజోడు పెట్టుకుని ముప్ఫై ఒకటో గీత మీద వేలు పెట్టింది. "ఇనుప తెర అని రాయాల్సిన చోట ఇనుప తడిక అని ఉంది. నేను పుట్టి పెరిగిందంతా మేడల్లో. ఈ మాట నాకు తెలియదు. బంగారం, తడిక అంటే ఏంటమ్మా?"

బంగారం లేచి నిలబడింది. కన్ను కూడా ఆర్పలేదు. "తడిసిన ఇనుము మేడం. తడిస్తే తుప్పు పడుతుంది కదా. యుద్ధం తర్వాత ఆ దేశాల స్నేహం తుప్పు పట్టిపోయిందని అలా పిలిచారు."

మేడం పెదవుల చివర నవ్వు కదిలింది. మేనకోడలికి ఛాతీలో ఏదో ముడి విడినట్టయింది. అయిపోయింది, తేలిపోయింది, ఇక తను నోరు విప్పాల్సిన అవసరమే లేదు అనుకుంది. మామయ్య వైపు చూసింది. మూడు గంటల కిందటే కదా ఈ గదిలోనే ఆయన నవ్వుతూ ఇది తడిక కాదమ్మా అన్నది.

మేడం కూడా ఆయన వైపే తిరిగింది. "మాస్టారూ, మీదీ మీ మేనకోడలి ఊరేనట కదా. మీ ఊళ్ళో ఉందా ఈ మాట?"

మామయ్య బల్ల మీద కాగితాల అంచులు సరిచేశాడు. ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చునేదాకా సరిచేశాడు.

"లేదండి. మా వైపు అలాంటి మాట నేనెప్పుడూ వినలేదు."

తర్వాత మెల్లగా, పాఠం చెప్పినట్టు చెప్పుకొచ్చాడు. బంగారానికి చేతివేగం ఎక్కువని, తెర అని రాయబోయి తొందరలో చెయ్యి జారి ఏదో రాసి ఉంటుందని, ఇప్పుడు మీరు అడిగేసరికి ఏదో ఒకటి చెప్పాలని చెప్పిందని, అది దాని స్వభావమని. రెండోది ఆ చెయ్యి జారిన మాటను కూడా వదలకుండా ఎక్కించుకుందని, అర్థం తెలిసి రాసేవాళ్ళయితే తెర అని దిద్దుకునేవాళ్ళని.

మేడం తల ఊపింది. తడుముకోకుండా చెప్పడం కూడా ఒక గుణమే అని బంగారం భుజం తట్టింది.

మేనకోడలి కాళ్ళు వాటంతటవే కదిలాయి. వంటింట్లోకి పోయి డబ్బాల వెనక చెయ్యి పెట్టింది. నిరుడు మాస్టారు పాఠం చెప్పిన రోజు రాసుకున్న కాగితాలు కూడా ఆ కుట్టులోనే ఉన్నాయి. తడిక బొమ్మ గీసి, బద్దలు లెక్కపెట్టి మరీ గీసి, కింద ఇనుప తడిక అని రాసి, తారీఖు వేసింది. ఆ పేజీలో వేలు పెట్టి పట్టుకుని ముందు గదిలోకి వచ్చింది. పుస్తకాన్ని మేడం వైపు చాచింది.

"ఏంటమ్మా అది?" అంది మేడం.

మధ్యలోనే మామయ్య చెయ్యి అందుకుంది. లాక్కోలేదు. పరీక్ష కాగితం తీసుకున్నట్టు మర్యాదగా తీసుకున్నాడు. వేలు పెట్టిన పేజీ చూశాడు. తర్వాత కాగితాలు తిప్పుకుంటూ చివరికి వెళ్ళాడు. శుక్రవారం దగ్గర ఆయన కళ్ళు ఆగాయి. కిటికీ, గోడ అన్న మాటల దగ్గర ఆయన చెవులు ఎర్రబడటం పిల్ల చూసింది. ఇప్పుడైనా, అనుకుంది. తన గురించి రాసింది తనే చదువుకుంటే మామయ్యకి సిగ్గనిపిస్తుందనుకుంది.

మామయ్య పుస్తకం మూసి కుర్చీలో తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు. "పిచ్చి గీతలండి. పరీక్ష అయిపోయాక కూర్చుని రాసినట్టుంది. ఇలా సాక్ష్యాలు పుట్టించడం కూడా వచ్చిందన్నమాట దీనికి. నాకే బాధగా ఉంది."

వెనక గదిలోనుంచి దగ్గు వినపడింది. పిల్లకు ప్రాణం లేచి వచ్చింది. "అమ్మమ్మని అడగండి" అంది. ఆ మాట గాలిలాగే వచ్చింది గాని వచ్చింది. మేడం ఆ దగ్గు వైపు చూసింది.

అత్తయ్య చటుక్కున లేచి వెనక గది తలుపు దగ్గరగా వేసింది. "మా అత్తగారండి. రాత్రంతా బస్సులో వచ్చింది, ఇప్పుడే కాస్త కునుకు పట్టింది. కళ్ళు కనపడవు, మతి కూడా అంతంతమాత్రం. పొద్దున్నే మా తలుపును చూసి ఏదేదో అంది." చివరి మాట అనకుండా ఉండాల్సింది. స్నానాలగదిలో ఉన్నా ఆమెకి వినపడిందన్నమాట. మేనకోడలు మామయ్యను చూసింది. మామయ్య టీ కప్పును చూశాడు.

మేడం చేతి గడియారం చూసుకుంది. అయినా అన్యాయం చేసిందనిపించుకోకూడదనేమో, పిల్లను దగ్గరికి పిలిచింది. రెండు చేతుల్లో ఆ పిల్ల చేతులు పట్టుకుంది. మేడం చేతులు మెత్తగా, చల్లగా ఉన్నాయి.

"చూడు తల్లీ. నాకు ఎవరి మీదా కోపం లేదు. ఒక్కటే అడుగుతాను, భయపడకుండా చెప్పు. ఈ జవాబులు నీవేనా? నీకు నిజంగా తెలుసా?"

పిల్ల గుటక మింగింది. తెలుసు అనే మాట నాలుక మీదికి వచ్చింది. దాని వెనకే తొమ్మిదేళ్ళ అలవాటు వచ్చి దాన్ని తోసేసి ముందు నిలబడింది.

"కొంచెం" అంది.

బంగారం ఫక్కున నవ్వింది. మేడం చేతులు వదిలేసింది. చేతిసంచిలోంచి ఒక ఫారం తీసి, కాగితం మీద నంబరే ఉందని, బంగారం అసలు పేరు ఏమిటని అడిగింది. మామయ్య ఒక్కో అక్షరం విడివిడిగా చెప్పాడు. మేనకోడలి కాగితం మీద మేడం ఎర్ర పెన్నుతో అడ్డంగా ఒక గీత గీసి, మూల 'కాపీ' అని రాసింది. ఆ కాగితం బడి రికార్డులో ఉంటుందని, ఈ ఏడాది ఇక ఆ పిల్లను పరీక్షలకు కూర్చోబెట్టాలో లేదో హెడ్మాస్టరు ఇష్టమని చెప్పింది. మామయ్య బరువుగా తల ఊపాడు. తొడ కింద పుస్తకం ఇంకా అలాగే ఉంది. మేడంను సాగనంపడానికి కూడా ఆయన కుర్చీలోంచి లేవలేదు. నడుం పట్టేసిందన్నాడు.

అత్తయ్యా బంగారమూ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు. మేనకోడలు వాళ్ళ పక్కనుంచి, అరుగు దిగి, వీధిలోకి పరిగెత్తింది. చెప్పుల్లేవు. జీపు డ్రైవరు అప్పుడే ఇంజను వేశాడు.

"మేడం."

అంత గొంతు తనలో ఉందని ఆ పిల్లకే తెలియదు. ఎదురింటి మేడ మీద బట్టలారేస్తున్న మనిషి ఆగి చూసింది.

"మేడం, తడిక ఉంది. మా ఊళ్ళో ఇంటింటికీ ఉంది. మామయ్య పుట్టినింటికి కూడా ఉంది. నలభయ్యీ నేనే రాశాను మేడం. నాకు తెలుసు. ఖాయంగా తెలుసు. అన్నీ ఖాయంగా తెలుసు."

మేడం కిటికీలోంచి ఆ పిల్లను కాసేపు చూసింది. చూపులో జాలి లేదని చెప్పలేం. "శుక్రవారం ఆ సున్నా నింపి ఉంటే నేను ఒప్పుకునేదాన్ని" అంది. "అవకాశం పోయాక అందరికీ నమ్మకం వస్తుందమ్మా. అది నా పట్టికలో లెక్కకు రాదు."

జీపు సందు తిరిగింది. దుమ్ము అణిగేదాకా పిల్ల అక్కడే నిలబడి, వెనక్కి వచ్చింది.

అరుగు మీద తన సంచి ఉంది. జీపు సందు తిరిగేలోపలే అత్తయ్య సర్దేసింది. రెండు జతల బట్టలు, దువ్వెన, పెన్సిలు డబ్బా. బంగారం కిటికీ ఊచలు పట్టుకుని, మూగనోము మాట్లాడింది అమ్మా, వీధంతా వినపడేలా మాట్లాడింది అని లోపలికి చెబుతోంది. పట్టేసిన నడుంతో మామయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఇదిగో నీ పుస్తకం" అన్నాడు.

చేతిలోకి తీసుకోగానే తెలిసింది, పలచబడింది. దారం మధ్యలో చిరిగిన కాగితాల అంచులు పళ్ళలాగా మిగిలాయి. శుక్రవారం లేదు. నిరుటి తడిక బొమ్మ లేదు. మిగతా రోజులన్నీ పదిలంగా ఉన్నాయి.

"నాలుగింటికి బస్సు" అన్నాడు మామయ్య. ఆయన గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. "అందాకా ఇక్కడే కూర్చో. ఎండగా ఉంటే స్తంభం వెనక్కి జరుగు. మీ అమ్మకి నేను కబురు చేస్తాలే, పిల్ల తప్పేం లేదు, చదువు కొంచెం బరువైందని. ఆమె కూడా ఏమీ అనదు."

పిల్ల సంచి ముట్టుకోలేదు. ఆయన మొహంలోకి సూటిగా చూసింది. అలా చూడటం కూడా అదే మొదటిసారి.

"తడిక మీకు తెలుసు మామయ్యా."

మామయ్య వీధికి అటూ ఇటూ చూశాడు. ఎదురింటి మేడ మీద మనిషి బట్టలారేయడం అయిపోయి లోపలికి వెళ్ళింది. ఆయన ఒక అడుగు వెనక్కి వేసి తలుపు మూశాడు. లోపల గడియ పడిన చప్పుడైంది. ఆ వెనకే అమ్మమ్మ గొంతు, నిద్రలోంచి లేచి వచ్చినట్టు బొంగురుగా, టేకు చెక్క అవతలినుంచి వినపడింది.

"ఎవర్రా బయట? తడిక వేశావా?"

"వేశానమ్మా."